తీరజలాల్లో పాంటూన్ పడవ: పడవను, మోటారును ఎంచుకోవడం

6.0 ఈ పాఠం దేనికి?

ఈ పాఠం చదివిన తరవాత మీరు పాంటూన్ పడవ నీటిమీద ఎలా నిలుస్తుందో వివరించగలగాలి. ఒక పడవ ఎంతమందిని మోయగలదో కాగితం మీద లెక్కకట్టగలగాలి. ఉప్పునీటికి తగిన లోహాన్ని, మోటారును, ప్రొపెల్లర్‌ను ఎంచుకునేటప్పుడు అమ్మేవాడిని ఏమేం అడగాలో తెలుసుకోవాలి. ఈ పాఠంలోని లెక్కలకు పదో తరగతి గణితం సరిపోతుంది. కాగితం, పెన్సిలు దగ్గర పెట్టుకుని చదవండి.

పాఠమంతటికీ ఒకే ఉదాహరణ తీసుకుందాం. కాకినాడ అఖాతం ఒడ్డున ఉన్న ఒక గ్రామంలో కొందరు యువకులు, మహిళా సంఘ సభ్యులు కలిసి బ్యాంకు రుణంతో ఒక పర్యాటక పడవ కొనాలనుకుంటున్నారని అనుకోండి. కోరంగి మడ అడవుల పాయల్లోనూ, హోప్ ఐలండ్ లోపలి వైపునా సందర్శకులను తిప్పాలన్నది వారి ఆలోచన. వారి ముందు రెండు ప్రశ్నలు ఉన్నాయి. ఏ పడవ కొనాలి? దానికి ఏ మోటారు పెట్టాలి? ఈ రెంటికంటే ముందు అడగవలసిన మూడో ప్రశ్న ఒకటుంది: ఆ పడవను ఏ నీటిలోకి తీసుకువెళ్లకూడదు?

6.1 చెరువు కోసం పుట్టిన పడవ

పాంటూన్ అంటే లోపల గాలి తప్ప మరేమీ లేని, రెండు చివరలూ మూసిన పొడవైన గొట్టం. ఇలాంటి గొట్టాలు రెండింటిని పక్కపక్కన దూరంగా ఉంచి, వాటిమీద అడ్డదూలాలు బిగించి, ఆ దూలాలమీద చదునైన వేదిక పరిస్తే పాంటూన్ పడవ తయారవుతుంది. ఇప్పుడు మనం చూస్తున్న రూపం 1950ల మొదట్లో అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రంలో మొదలైంది. ఆంబ్రోస్ వీరెస్ అనే రైతు ఇనుప పీపాలను వరుసగా అతికించి, వాటిపైన చెక్క వేదిక బిగించి చెరువులోకి దించాడు. మిన్నెసోటా చెరువుల రాష్ట్రం. అక్కడి నీరు తీపి, అలలు చిన్నవి, ఒడ్డు ఎప్పుడూ కనుచూపు మేరలోనే ఉంటుంది. పాంటూన్ పడవకున్న మంచి గుణాలన్నీ ఆ నీటికి తగినట్టుగా వచ్చినవే. వేదిక విశాలంగా ఉంటుంది, కూర్చోవడానికి హాయిగా ఉంటుంది, లోతు తక్కువైన చోటికీ వెళ్తుంది, పిల్లలు, ముసలివాళ్లు మెట్టు ఎక్కినంత సులువుగా ఎక్కి దిగుతారు.

సముద్రతీరం దగ్గర నీరు ఉప్పగా ఉంటుంది, అల పొట్టిగా నిటారుగా లేస్తుంది, ఆటుపోట్లకు నీటి దిశ మారుతూ ఉంటుంది. అయినా తీరంలో పాంటూన్‌కు చోటు లేకపోలేదు. తీరమంతా ఒకటే తీరం కాదు. కాకినాడకు తూర్పున సుమారు 16 కిలోమీటర్ల పొడవున సాగిన ఇసుకదిబ్బ హోప్ ఐలండ్. బంగాళాఖాతం నుంచి వచ్చే పెద్ద అలలు దానిని తాకి ఆగిపోతాయి. దానికి లోపలి వైపున ఉన్న అఖాతం గోదావరి తెచ్చిన ఒండ్రుతో నిండి లోతు తక్కువగా ఉంటుంది. అలాంటి చాటు నీటిలో, మడ అడవుల పాయల్లో పాంటూన్ నమ్మకంగా పనిచేస్తుంది. దిబ్బ దాటి బయటికి వెళితే, లేదా గోదావరి పాయ సముద్రంలో కలిసే మొగ దగ్గరికి వెళితే పరిస్థితి వేరు. మొగ దగ్గర ఇసుక మేట మీద అలలు విరుగుతాయి. నీరు సముద్రంలోకి దిగుతున్న వేళ గాలి ఎదురుగా వీస్తే అలలు గోడల్లా నిలబడతాయి. మన పడవ మొగ దాటకూడదు. ఈ నిబంధనను సంఘం తన తీర్మానాల పుస్తకంలో మొదటి పేజీలోనే రాసుకోవాలి.

పాంటూన్‌కు అల ఎందుకంత ప్రమాదమో గమనించండి. మామూలు పడవ ముక్కు పైకి వెడల్పుగా విచ్చుకుని ఉంటుంది. అల వచ్చినప్పుడు ముక్కు మునిగిన కొద్దీ తేలే శక్తి పెరిగి పడవను పైకి లేపుతుంది. పాంటూన్ గొట్టం ముందుభాగం సన్నగా, కోసుగా ఉంటుంది. అది అలలోకి గుచ్చుకుంటుంది. అప్పుడు వేదిక ముందు అంచు నేరుగా నీటిని పారతో ఎత్తినట్టు ఎత్తుతుంది. వేదిక మీదికి వచ్చిన నీరు కొన్ని వందల కిలోల బరువు. ఫొటోల కోసం సందర్శకులంతా ముందు గేటు దగ్గరికి చేరిన సమయంలో ఇది జరిగితే ముక్కు మళ్లీ లేవడం కష్టం. అందుకే నా అభిప్రాయంలో అలలు అర మీటరు దాటితే రెండు గొట్టాల పాంటూన్‌ను బయలుదేరదీయకూడదు. దారిలో ఉండగా అలలు పెరిగితే వేగం తగ్గించి, ముందున్నవాళ్లను వెనక్కి కూర్చోబెట్టి, అలను ఏటవాలుగా ఎదుర్కొంటూ దగ్గరలో ఉన్న చాటుకు చేరాలి.

6.2 ఎంతమంది? ముందు లెక్క, తరవాతే టికెట్టు

మన సంఘం చూస్తున్న పడవ కొలతలు ఇలా ఉన్నాయనుకుందాం. గొట్టం పొడవు 7 మీటర్లు, వ్యాసం 64 సెంటీమీటర్లు. ఒక గొట్టం మధ్యరేఖ నుంచి రెండో గొట్టం మధ్యరేఖకు దూరం 1.9 మీటర్లు.

గొట్టం అడ్డుకోత వైశాల్యం 3.14 × 0.32 × 0.32, అంటే 0.32 చదరపు మీటర్లు. దీన్ని 7తో గుణిస్తే ఘనపరిమాణం సుమారు 2.25 ఘనపు మీటర్లు. ఒక ఘనపు మీటరు మంచినీటి బరువు 1,000 కిలోలు. ఆర్కిమెడీస్ సూత్రం ప్రకారం ఒక గొట్టం పూర్తిగా మునిగితే 2,250 కిలోలను మోస్తుంది. రెండు గొట్టాలూ కలిసి 4,500 కిలోలు. సముద్రపు నీరు సుమారు రెండున్నర శాతం బరువెక్కువ కాబట్టి అందులో ఇంకొంచెం ఎక్కువ మోస్తుంది. కాని వానాకాలంలో గోదావరి నీరు దిగినప్పుడు అఖాతంలో ఉప్పదనం బాగా తగ్గుతుంది. కనుక మంచినీటి లెక్కే వేసుకోవడం క్షేమం. గొట్టం ముక్కు కోసుగా ఉండడం వల్ల పోయే కొద్దిపాటి ఘనపరిమాణాన్ని లెక్క సులువు కోసం వదిలేస్తున్నాం.

అయితే 4,500 కిలోలు మోస్తుంది కదా అని అంత బరువు ఎక్కించకూడదు. అప్పుడు గొట్టాలు నీటి మట్టానికి పూర్తిగా మునిగి ఉంటాయి, తేలడానికి మిగులు శక్తి ఏమీ ఉండదు. గొట్టాలు సగానికి మించి మునగకూడదన్నది మంచి నియమం. అంటే మన పడవ మొత్తం బరువు 2,250 కిలోల లోపు ఉండాలి. పడవ ఖాళీ బరువు 1,000 కిలోలు, మోటారు, పెట్రోలు, బ్యాటరీ, లంగరు అన్నీ కలిపి 200 కిలోలు అనుకుంటే మనుషులకు మిగిలేది 1,050 కిలోలు. మనిషికి 75 కిలోల చొప్పున 14 మంది. సామాన్లకు, లైఫ్ జాకెట్లకు చోటు వదిలి, సరంగు, సహాయకుడితో కలిపి 12 మంది అని పెట్టుకుందాం. అప్పుడు మొత్తం బరువు 2,100 కిలోలు.

ఇక్కడితో ఆగితే లెక్క సగమే. మనుషులు బస్తాల్లా పెట్టినచోట ఉండరు. మడచెట్ల మీద నీటిపిల్లి కనిపించిందని ఎవరో అరుస్తారు. పన్నెండు మందీ ఒకే పక్కకు పరుగెడతారు. వారి 900 కిలోల బరువు మధ్యరేఖనుంచి సగటున ఒక మీటరు పక్కకు జరిగిందనుకోండి. గొట్టాల మధ్య దూరం 1.9 మీటర్లు కాబట్టి 900ని 1.9తో భాగిస్తే సుమారు 474 కిలోలు. ఒక గొట్టం మీద అంత భారం పెరుగుతుంది, రెండోదానిమీద అంతే తగ్గుతుంది. మొదట ఒక్కో గొట్టం మీద 1,050 కిలోలు ఉండేవి. ఇప్పుడు ఒకవైపు 1,524, మరోవైపు 576. బరువెక్కిన గొట్టం మూడింట రెండు వంతులు మునుగుతుంది. వేదిక ఆరేడు డిగ్రీలు వాలుతుంది. కేకలు వినిపిస్తాయి కాని పడవ నిలుస్తుంది.

ఇప్పుడు అదే పడవలో ఆదివారం రద్దీకి 20 మందిని ఎక్కించారనుకుందాం. మనుషులు 1,500 కిలోలు, మొత్తం 2,700 కిలోలు. అందరూ సమంగా కూర్చుంటే గొట్టాలు 60 శాతం మునుగుతాయి. ఒడ్డునుంచి చూసేవాడికి పడవ నిశ్చింతగా తేలుతున్నట్టే కనిపిస్తుంది. అసలు మోసం ఇక్కడే ఉంది. ఈ 20 మందీ ఒక పక్కకు జరిగితే మారే భారం 1,500 భాగించు 1.9, అంటే 789 కిలోలు. ఒక గొట్టం మీద 1,350కి 789 కలిసి 2,139 కిలోలు అవుతుంది. అది మోయగలిగేది 2,250. మిగులు 111 కిలోలు మాత్రమే, అంటే ఒకటిన్నర మనిషి బరువు. వేదిక పదకొండు డిగ్రీలకు పైగా వాలి ఉంటుంది. ఆ సమయంలో పక్కనుంచి వెళ్లే పెద్ద పడవ రేపిన అల ఒక్కటి చాలు. గొట్టం పూర్తిగా మునిగిన తరవాత దానికి ఎదురుతిరిగే శక్తి ఇక పెరగదు. ఆపైన జరిగేది క్షణాల్లో జరుగుతుంది. మనుషులు వేదికకు పైన నిలబడి ఉంటారు కాబట్టి వారి ఎత్తును కూడా లెక్కలో కలిపితే పరిస్థితి ఇంతకంటే కష్టమే అవుతుంది.

2017 నవంబరులో ఇబ్రహీంపట్నం దగ్గర కృష్ణలోనూ, 2019 సెప్టెంబరులో కచ్చులూరు దగ్గర వరద గోదావరిలోనూ పర్యాటక పడవలు మునిగి పదుల సంఖ్యలో ప్రాణాలు పోయాయి. అవి పాంటూన్లు కావు, పరిస్థితులూ వేరు. కాని పడవలో ఎంతమంది ఎక్కాలి, ఏ రోజున ఎక్కకూడదు అన్న నిర్ణయం ఒడ్డు మీదే జరగాలని మన రాష్ట్రంలో ఎవరికీ విడిగా చెప్పనక్కర్లేదు.

మూడో గొట్టం ఉంటే ఏమవుతుంది? రెండు గొట్టాల మధ్యలో అదే కొలతలో మరొకటి బిగించి, దాని బరువు 200 కిలోలు అనుకుందాం. 20 మందితో మొత్తం 2,900 కిలోలు మూడు గొట్టాల మీద పడుతుంది. ఒక్కోదాని మీద సుమారు 967. అందరూ పక్కకు జరిగినప్పుడు బయటి గొట్టం మీద 1,756 కిలోలు. మిగులు దాదాపు 500 కిలోలు. మూడో గొట్టం మధ్యలో ఉన్నా బయటి గొట్టాలను తేలికపరచి వాటి మిగులు శక్తిని కాపాడుతుంది. కాబట్టి తీరజలాలకు, డబ్బు సరిపోతే, మూడు గొట్టాల పడవే మేలు. సరిపోకపోతే రెండు గొట్టాలది కొని 12 మంది దగ్గర ఆగిపోవాలి. రెండు గొట్టాలది కొని 20 మందిని ఎక్కించడం మాత్రం ఎంపికే కాదు.

మరొక ప్రశ్న తప్పక అడగండి: గొట్టం లోపల అడ్డుగోడలు ఉన్నాయా? గొట్టాన్ని నాలుగు గదులుగా విడగొట్టి ఉంటే, మునిగిన చెట్టుమోడు తగిలి ఒక గది చిల్లుపడినా పోయేది 560 కిలోల శక్తి మాత్రమే. 12 మందితో పడవ ఒక మూలకు వంగి అయినా ఒడ్డు చేరుతుంది. అడ్డుగోడలు లేకపోతే ఒక్క చిల్లుతో మొత్తం గొట్టం నిండి పడవ పక్కకు తిరగబడుతుంది. ఇనుప డ్రమ్ములు కట్టి పలకలు పరిచిన పడవలు చవకగా దొరుకుతాయి. డ్రమ్ములు విడివిడిగా ఉండడం వాటిలో ఒక సుగుణమే. కాని ఉప్పునీటిలో వాటి రేకు ఎంత పలచబడిందో చిల్లుపడే దాకా పైకి తెలియదు. అలాంటివి సందర్శకులకు పనికిరావు.

మీ ప్రగతిని సరిచూసుకోండి: పాంటూన్ పడవ నిండుగా ఉన్నా ఒడ్డునుంచి చూసినప్పుడు క్షేమంగా ఎందుకు కనిపిస్తుంది? మీ మాటల్లో నాలుగు వాక్యాలు రాసి, పైన 20 మంది లెక్కతో పోల్చుకోండి.

6.3 ఉప్పునీరు తినే లోహం

పాంటూన్ గొట్టాలను ఎక్కువగా అల్యూమినియంతో చేస్తారు. అల్యూమినియం గాలి తగిలిన వెంటనే తనమీద ఒక పలచని ఆక్సైడ్ పొర కప్పుకుంటుంది. ఆ పొరే దానికి రక్ష. ఉప్పునీటిలోని క్లోరైడ్ ఈ పొరను అక్కడక్కడా పొడుస్తుంది. అందుకే ఏ అల్యూమినియమైనా చాలదు. 5000 శ్రేణిలోని 5052, 5083, 5086 వంటి మిశ్రమాలు, మెగ్నీషియం కలిసినవి, సముద్రపు నీటికి నిలుస్తాయి. అమ్మేవాడు "మంచి అల్యూమినియం అండీ" అంటే అది జవాబు కాదు. మిశ్రమం సంఖ్య, రేకు మందం కాగితం మీద రాయించుకోవాలి.

లోహం మంచిదైనంత మాత్రాన పని అయిపోదు. రెండు వేర్వేరు లోహాలు ఒకదానికొకటి తగులుతూ ఉప్పునీటిలో తడిస్తే ఒక చిన్న బ్యాటరీ తయారవుతుంది. కరెంటు పారుతుంది. రెండింటిలో ఎక్కువ చురుకైన లోహం కరిగిపోతుంది. అల్యూమినియం పక్కన రాగి, ఇత్తడి, స్టీలు ఏది ఉన్నా కరిగేది అల్యూమినియమే. అడ్డదూలాన్ని బిగించే స్టీలు బోల్టు చుట్టూ తెల్లటి పొడి కనిపిస్తే అక్కడ పని మొదలైందని అర్థం. బోల్టులు 316 రకం స్టెయిన్‌లెస్ స్టీలువి కావాలి. బోల్టుకూ అల్యూమినియానికీ మధ్య ప్లాస్టిక్ వాషరు, మరపట్టీకి తగిన పేస్టు పెట్టాలి.

ఈ నష్టాన్ని మళ్లించడానికి పడవకూ మోటారుకూ బలి లోహపు ముక్కలను బిగిస్తారు. మెకానిక్కులు వీటిని యానోడ్లు అంటారు. అల్యూమినియం గొట్టం కంటే చురుకైన లోహాన్ని దానికి తగిలిస్తే ముందుగా ఆ ముక్క కరిగి గొట్టాన్ని కాపాడుతుంది. జింకు యానోడ్లు సముద్రపు నీటికి సరిపోతాయి. నదీ సంగమాల్లోని ఉప్పు తక్కువ నీటిలో వాటిమీద గట్టి పొర కట్టి పనిచేయడం మానేస్తాయి. మన ఉదాహరణలో పడవ వానాకాలంలో దాదాపు తీపి నీటిలోనూ, వేసవిలో ఉప్పునీటిలోనూ తిరుగుతుంది. అందుకని రెండింటికీ పనికివచ్చే అల్యూమినియం మిశ్రమపు యానోడ్లు వాడాలి. మెగ్నీషియం యానోడ్లు తీపి నీటికి మాత్రమే. ఉప్పునీటిలో అవి చాలా వేగంగా కరిగిపోతాయి. యానోడ్ సగం అరిగితే మార్చాలి. పడవకు రంగు వేసేటప్పుడు చక్కగా కనిపించాలని యానోడ్ మీద కూడా రంగు వేసే అలవాటు చాలా చోట్ల ఉంది. రంగు వేసిన యానోడ్ ఇక పనిచేయదు.

రంగు మాట వచ్చింది కాబట్టి అతి ఖరీదైన పొరపాటు గురించి ఇక్కడే చెప్పుకోవాలి. పడవను నీటిలోనే కట్టి ఉంచితే కొద్ది వారాల్లో గొట్టాలకు నాచు, గుల్లలు పడతాయి. వేగం తగ్గుతుంది, పెట్రోలు ఎక్కువ తాగుతుంది. వాటిని ఆపడానికి చెక్క పడవలకు, ఫైబర్ బోట్లకు రాగి కలిసిన రంగు వేస్తారు. అదే డబ్బా తెచ్చి అల్యూమినియం గొట్టానికి పూస్తే ఏమవుతుందో పైన చదివినదాన్ని బట్టి మీరే ఊహించగలరు. గొట్టం మొత్తాన్ని రాగితో చుట్టినట్టే. గీతపడిన ప్రతిచోటా లోహం కరుగుతుంది. అల్యూమినియానికి తగినదని డబ్బామీద స్పష్టంగా ఉన్న రంగునే, కింద ప్రైమరు వేసి వాడాలి. ఇంతకంటే మంచి మార్గం, వీలుంటే రోజూ సాయంత్రం పడవను ట్రాలీమీద ఒడ్డుకు లాగి మంచినీటితో కడగడం. అలా చేస్తే రంగే అక్కర్లేదు.

వేదిక పలకలను కూడా అడగండి. చెదపట్టకుండా రాగి లవణాలు పట్టించిన ప్లైవుడ్ తడిసి అల్యూమినియం దూలాల మీద ఆనితే అదే కథ మళ్లీ మొదలవుతుంది. బ్యాటరీ నెగటివ్ తీగను పడవ చట్రానికి కలపకూడదు. మోటారు సైకిలు అలవాటుతో కొందరు ఎలక్ట్రీషియన్లు ఇలా కలుపుతారు. ప్రతి దీపానికీ, పంపుకీ రెండు తీగలూ విడిగా బ్యాటరీ దాకా రావాలి.

6.4 మోటారు: గుర్రాల సంఖ్య కంటే ముందు చూడవలసినవి

మన తీరంలో ఫైబర్ బోట్లకు పొడవాటి కాడ ఉన్న డీజిలు ఇంజన్లు ఎక్కువగా కనిపిస్తాయి. వేటకు అవి చవక, మరమ్మతు తెలిసినవాళ్లు ప్రతి ఊళ్లో ఉంటారు. కాని ఆ కాడను అటూ ఇటూ తిప్పడానికి వెనక చాలా ఖాళీ కావాలి. తిరిగే రెక్కలు బయటికి ఉంటాయి. చప్పుడుకు పక్షులు లేచిపోతాయి, మడ అడవిలో తిరిగే పర్యాటక పడవకు పక్షులే పెట్టుబడి. కాబట్టి పాంటూన్‌కు వెనక బిగించే ఔట్‌బోర్డ్ మోటారే తగినది. అందులోనూ టూ స్ట్రోక్ కాక ఫోర్ స్ట్రోక్. ధర ఎక్కువైనా ఇంధనం తక్కువ తాగుతుంది, నూనె పొగ ఉండదు, నిదానంగా నడిపినప్పుడు ఆగిపోదు.

శక్తి ఎంత కావాలి? 12 మందితో గంటకు 12 కిలోమీటర్ల వేగంతో ప్రశాంత జలంలో నడపడానికి 15 నుంచి 20 హెచ్‌పి చాలు. కాని కొనేది ప్రశాంతమైన ఉదయం కోసం కాదు, గాలి లేచిన మధ్యాహ్నం తిరిగి రావడం కోసం. పాంటూన్‌కు పైన పందిరి, చుట్టూ కటకటాలు, కూర్చున్న మనుషులు ఉంటారు. ఎదురుగాలికి కనీసం 6 చదరపు మీటర్ల ముఖం. గంటకు 20 కిలోమీటర్ల గాలి ఈ ముఖం మీద సుమారు 11 కిలోల బలంతో నెడుతుంది. గాలి వేగం రెట్టింపై 40 అయితే బలం రెట్టింపు కాదు, నాలుగు రెట్లు, అంటే 45 కిలోలు. గాలి పక్కనుంచి వీస్తే 90 కిలోల దాకా వెళ్తుంది. దీనికి ఎదురు అలలు, ఆటు తీసుకుపోయే నీటి వేగం కూడా తోడవుతాయి. అందుకే ఈ పడవకు 50 నుంచి 60 హెచ్‌పి ఉండాలి. పడవ తయారీదారు నిర్ణయించిన గరిష్ఠ హెచ్‌పిని మాత్రం మించకూడదు.

ఒకే హెచ్‌పిలో రెండు రకాల మోటార్లు దొరుకుతాయి. ఒకటి తేలికైన పడవను వేగంగా తీసుకుపోయేది. రెండోది పెద్ద గేరు నిష్పత్తితో, పెద్ద ప్రొపెల్లర్‌ను నిదానంగా తిప్పి బరువైన పడవను నెట్టేది. దీనిని హై థ్రస్ట్ అంటారు. బరువు లాగడానికి ట్రాక్టరుకు, పరుగుకు మోటారు సైకిలుకు ఉన్న తేడాయే ఇది. పాంటూన్‌కు రెండోదే కావాలి.

ప్రొపెల్లర్‌కు పిచ్ అనే కొలత ఉంటుంది. గట్టి పదార్థంలో మరమేకులా ఒక చుట్టు తిరిగితే ఎంత ముందుకు పోతుందో అది పిచ్, అంగుళాల్లో చెబుతారు. సరైన పిచ్‌ను పరీక్షతో తేల్చాలి. పడవలో పూర్తి బరువు, అంటే 12 మందినీ లేదా అంత బరువున్న ఇసుక బస్తాలను పెట్టి, ప్రశాంత జలంలో పూర్తి రేజు ఇచ్చి చక్రాల మీటరు చూడాలి. తయారీదారు నిమిషానికి 5,000 నుంచి 6,000 చుట్లు అని చెప్పి ఉంటే, సూది ఆ మధ్యలో ఉండాలి. 13 అంగుళాల పిచ్‌తో 4,500 దగ్గరే ఆగిపోయిందంటే ఇంజను మీద భారం ఎక్కువైంది, మూడో గేరులో బండి ఘాటు ఎక్కుతున్నట్టు. పిచ్ ఒక అంగుళం తగ్గిస్తే 150 నుంచి 200 చుట్లు పెరుగుతాయి. కనుక 10 అంగుళాలది పెట్టి చూడాలి. ఖాళీ పడవతో పరీక్ష చేసి చూపించే అమ్మకందారును మర్యాదగా బస్తాలు తెప్పించమనండి.

షాఫ్ట్ పొడవు చిన్న విషయంలా కనిపిస్తుంది కాని అలల్లో చాలా ముఖ్యం. 15, 20, 25 అంగుళాల షాఫ్ట్‌లు ఉంటాయి. పడవ వెనక మోటారు బిగించే పలక ఎత్తును కొలిచి దానికి సరిపోయేది తీసుకోవాలి. పొట్టిదైతే అల కిందికి దిగినప్పుడల్లా ప్రొపెల్లర్ గాలి పీల్చి వట్టిగా గిర్రున తిరుగుతుంది, తోపు పోతుంది. మరీ పొడవైతే ఒండ్రులో పాతుకుంటుంది.

ఒండ్రు గురించి మరొక మాట. ఔట్‌బోర్డ్ మోటారు పడవ కిందినీటినే పీల్చి చల్లబడుతుంది. బురదనీటిలోని ఇసుక లోపలి పంపు రబ్బరు రెక్కలను అరగదీస్తుంది. మోటారు వెనకనుంచి సన్నటి నీటిధార పడుతూ ఉంటుంది. అది సరంగు తరచూ చూడవలసిన గడియారం. ధార సన్నబడితే మోటారు ఆపాలి. ఏటేటా పంపు రెక్కలు మార్చాలి. ప్రతిరోజూ పని అయ్యాక పది నిమిషాలు మంచినీరు పెట్టి లోపలి ఉప్పు కడగాలి.

పెట్రోలు సంగతి కూడా ఇప్పుడు తేలిక కాదు. బంకుల్లో దొరికే పెట్రోలులో ఇథనాల్ కలిసి ఉంటుంది. ఇథనాల్ గాలిలోని తేమను పీలుస్తుంది. తీరంలో తేమకు కొదవలేదు. ట్యాంకులో రోజుల తరబడి నిలవ ఉంటే నీరు అడుగుకు చేరి మోటారు దారిలో ఆగుతుంది. నీటిని వేరుచేసే ఫిల్టరు తప్పనిసరి. పది శాతానికి మించిన ఇథనాల్ వాడవద్దని చాలా మోటార్ల మాన్యువళ్లలో ఉంటుంది. కాబట్టి కొనేముందే ఆ పేజీ తెరిపించి చదవండి, డీలరు చేత రాతపూర్వకంగా జవాబు తీసుకోండి.

6.5 మోటారు ఆగిపోతే

ఇది జరగదు అనుకుని పడవ కొనకూడదు. ఆటు సమయంలో, ఒడ్డునుంచి గాలి వీస్తుండగా మోటారు ఆగితే పన్నెండు మందితో పడవ మొగ వైపు కొట్టుకుపోతుంది. దీనికి మొదటి జవాబు రెండో మోటారు కాదు, లంగరు. తాడు పొడవు నీటి లోతుకు కనీసం అయిదు రెట్లు, వీలైతే ఏడు రెట్లు ఉండాలి. నీరు 4 మీటర్లు, వేదిక ఎత్తు ఒక మీటరు అయితే 5ని 7తో గుణించి 35 మీటర్లు. తాడు నిటారుగా ఉంటే లంగరు ఊడి వస్తుంది, ఏటవాలుగా లాగితేనే బురదలో దిగబడుతుంది. చాలా పడవల్లో లంగరు ఉంటుంది, తాడు మాత్రం పది మీటర్లే.

ఆ తరవాత రెండో మోటారు. రెండు 30 హెచ్‌పి మోటార్లా, ఒక 60కి తోడు 9.9 హెచ్‌పి చిన్నదా అన్నది ఖర్చును బట్టి తేల్చుకోవాలి. చిన్న సంఘానికి నేను రెండోదే సూచిస్తాను. మరమ్మతు ఖర్చు తక్కువ, పెద్దది ఆగినా చిన్నది నెమ్మదిగా ఇంటికి చేరుస్తుంది. అయితే చిన్నదానికి వేరే పెట్రోలు డబ్బా ఉండాలి. రెండింటికీ ఒకే ట్యాంకు పెట్టి అందులోకి నీరు చేరితే రెండూ కలిసే ఆగుతాయి. వారానికి ఒకసారైనా దానిని నడిపి చూడాలి.

పెట్రోలును మూడు భాగాలు చేసుకోవడం సరంగులు పాటించే పద్ధతి. పోవడానికి ఒకటి, రావడానికి ఒకటి, అనుకోని దానికి ఒకటి. రాకపోకలకు 16 లీటర్లు పడుతుందనుకుంటే బయలుదేరేటప్పుడు 24 ఉండాలి.

ప్రతి మనిషికీ లైఫ్ జాకెట్ ఉండాలి, తొడిగి ఉండాలి, పిల్లలకు పిల్లల కొలతది ఉండాలి. హైదరాబాదులోని ఇన్‌కాయిస్ సంస్థ అలల ఎత్తు ముందస్తు సమాచారం ఇస్తుంది. ఉదయం అది చూడకుండా తాడు విప్పకూడదు. సముద్రంలో ఆపదకు భారత తీరరక్షక దళం నంబరు 1554. దానిని సరంగు ఫోనులోనే కాక వేదిక మీద అందరికీ కనిపించేలా రాయించాలి. 1917 నాటి చట్టం స్థానంలో వచ్చిన అంతర్దేశీయ నౌకల చట్టం, 2021 యంత్రంతో నడిచే పడవల తనిఖీకి, నమోదుకు నియమాలు పెట్టింది. తనిఖీ పత్రంలో రాసిన మనుషుల సంఖ్య మీ లెక్కకంటే తక్కువైతే పత్రంలోదే పాటించాలి. మీ లెక్క తక్కువైతే మీదే పాటించాలి.

6.6 అభ్యాసం

ఒక పాత పాంటూన్ పడవ అమ్మకానికి వచ్చింది. రెండు గొట్టాలు, ఒక్కొక్కటి 6 మీటర్ల పొడవు, 58 సెంటీమీటర్ల వ్యాసం. గొట్టాల మధ్యరేఖల దూరం 1.8 మీటర్లు. మోటారు, ఇంధనంతో కలిపి పడవ బరువు 950 కిలోలు. "పదిహేను మంది హాయిగా కూర్చోవచ్చు" అని అమ్మేవాడు అంటున్నాడు. గొట్టాలు సగానికి మించి మునగకూడదన్న నియమంతో, మనిషికి 75 కిలోల చొప్పున ఎంతమందికి అనుమతిస్తారు? వారంతా మధ్యరేఖనుంచి 0.9 మీటరు దూరానికి ఒక పక్కకు జరిగితే బయటి గొట్టం ఎంత శాతం మునుగుతుంది? లెక్క చేశాకే కింది జవాబు చూడండి.

జవాబు: ఒక్కో గొట్టం సుమారు 1,584 కిలోలు మోస్తుంది. రెండూ సగం మునిగితే మోసేది 1,584. అందులో 950 తీసివేస్తే 634 కిలోలు. 75తో భాగిస్తే సరంగుతో కలిపి 8 మంది. వారు పక్కకు జరిగితే మారే భారం 600 × 0.9 భాగించు 1.8, అంటే 300 కిలోలు. బయటి గొట్టం మీద 775కి 300 కలిసి 1,075 కిలోలు, దాదాపు 68 శాతం. పదిహేను మందితో ఇదే లెక్క మీరే చేసి, వచ్చిన సంఖ్యను అమ్మేవాడికి చూపించండి.